అంబుసాయ్ కనుమలో సగాయోని పిలిచిన రాత్రి

అంబుసాయ్ కనుమలో జీపు ఆపకూడదు. ఆపినా దిగకూడదు. దిగినా కూర్చోకూడదు. ఇవన్నీ చేసిన ఘనుడెవడైనా ఉంటే, లేచి వచ్చేటప్పుడు తన పేరు తనే పెట్టి గట్టిగా పిలుచుకోవాలి — "ఫాస్తో, పోదాం పద, ఇక్కడ ఉండిపోకు" అని. పిలవకపోతే మనిషి ఇల్లు చేరతాడు. ప్రాణం మాత్రం ఆ రాతిమెట్ల మీదే కూర్చుని ఉంటుంది.

ఫాస్తో అంటే నేనే. ఈ దారిలో జీపు తోలడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. పైన క్యాబేజీ మూటలు, లోపల మనుషులు, లోపల పట్టకపోతే మనుషులూ పైనే. పగటిపూట నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. పొగమంచు దిగాక ఆ కనుమ దాటాల్సి వస్తే మాత్రం నా పేరుతో పాటు జీపు పేరు కూడా పిలుస్తాను. దాని ప్రాణం అక్కడ ఉండిపోతే కింద మలుపుల్లో బ్రేకులు పడొద్దూ?

ఇప్పుడు మా లిగాయన్ అంటే కనుమకు దిగువన ఏటి ఒడ్డున ఉన్న ఊరు. మున్సిపల్ ఆఫీసు, సంత, చర్చి, కుర్రాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడే సిమెంటు నేల. అసలు ఊరు ఇది కాదు. స్పెయిన్ వాళ్ళు మా కొండల్ని ఏలిన కాలంలో ఊరు శిఖరం మీద ఉండేది, సిపాయిలు కిందికి చూడ్డానికి వీలుగా. వాళ్ళ తర్వాత అమెరికా వాళ్ళొచ్చి గుర్రాల బాట వేసి, ఊరిని కనుమలోకి దించారు. రాతి ఆఫీసు, బడి, గంట ఉన్న చర్చి, అన్నీ అక్కడే. జపాన్ వాళ్ళతో యుద్ధం చివర్లో అది కాలిపోతే మిగిలినవాళ్ళు ఏటి దాకా దిగి ఆగారు. ఇంకా దిగడానికి చోటు లేక ఆగారు. దిగిన ప్రతిసారీ ఊరు పోయి పోయి ఆనాటి ఊరిపెద్ద సొంత భూమి పక్కనే ఎలా ఆగిందో అని మా నాన్న నవ్వేవాడు.

కనుమలో ఇప్పుడు మిగిలింది ఆ రాతి ఆఫీసు మెట్లే. ఎక్కి చూస్తే పైన గడ్డి తప్ప ఏమీ లేదు.

జపాన్ సైన్యం వెనక్కి తగ్గుతూ వచ్చి ఆ ఊళ్ళో దాక్కుంది. వాళ్ళ మీద బాంబులు వెయ్యడానికి అమెరికా విమానాలొచ్చాయి. జనం పిల్లల్ని వీపున కట్టుకుని చీకట్లో కిందికి పరుగెత్తారు. అందరూ దిగలేదు... దిగనివాళ్ళకు సమాధి లేదు. వాళ్ళ పేరున పందిని కొయ్యలేదు, ఎముకలు కడిగి దుప్పట్లో చుట్టలేదు. మా వైపు అలాంటివాళ్ళు పోయినట్టు లెక్క కాదు. ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క.

వాళ్ళలో ఒకడు సగాయో. సుబెంగ్ అవ్వ మొగుడు.

ఆ రాత్రి అవ్వ వీపున పాలు తాగే కొడుకు ఉన్నాడు. సగం దారి దిగేసరికి బిడ్డ చలికి బిగుసుకుపోయాడు. దుప్పటి ఇంట్లోనే మరిచిపోయారు. పోయి తీసుకురమ్మని మొగుణ్ణి వెనక్కి పంపింది అవ్వే. అతను ఎక్కాడు. మళ్ళీ దిగలేదు.

అవ్వ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆ కొడుకు పెద్దవాడై, ఇద్దరు పిల్లల్ని కని, గనిలో పోయాడు. కోడలు భూకంపం వచ్చిన ఏడాది కొండచరియ కింద పోయింది. ఆ పిల్లలిద్దరినీ సాకింది అవ్వే. పెద్దది ఒలింపియా, సంతలో కూరగాయలు అమ్ముతుంది. చిన్నవాడు జెర్విన్. పుట్టినప్పటి నుంచీ వాడికి ఏదో ఒక జబ్బు. తాత అలిగి ఉంటాడని, ఆయన పేరు పెడితే చల్లబడతాడని, ఇంట్లో వాణ్ణి సగాయో అని పిలవడం మొదలుపెట్టారు. మా దగ్గర ఇది మామూలే, చర్చిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. పేరు మార్చాక వాడు నిజంగానే తేరుకున్నాడు.

కనుమలో రోడ్డు వెడల్పు చేస్తుంటే జెర్విన్ కూలికి వెళ్ళాడు. ఆ రాతిమెట్ల వెనక కొండ తవ్వుతుండగా మట్టి జారి వాణ్ణి నడుము దాకా కప్పేసింది. తోటివాళ్ళు లాగారు. ఎముక విరగలేదు, రక్తం కారలేదు, తన కాళ్ళ మీద తనే నడిచి జీపెక్కాడు. ఆ కంగారులో వాడి పేరు పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఇంటికొచ్చి పడుకున్నాడు... అంతే. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు ఉండదు. గంజి పోస్తే నోటి పక్క నుంచి కారిపోతుంది. పట్నంలో ఆసుపత్రివాళ్ళు ఫోటోలు తీసి, సూదులు గుచ్చి, ఒంట్లో ఏ లోపమూ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూస్తుండగానే మనిషి ఎముకల గూడయ్యాడు. ఒలింపియా సంత మానేసి మంచం పక్కనే కూర్చుంది. ఈ లోకంలో ఆమెకున్న తోబుట్టువు వాడొక్కడే. వాడు తన కళ్ళముందు కరిగిపోతున్నాడు.

పోయిన ప్రాణాలను పిలిచి తెచ్చే మనిషి మా ఊళ్ళో సుబెంగ్ అవ్వే. ఎవరి పిల్లాడు ఏటి దగ్గర జడుసుకున్నా, చెట్టు మీంచి పడినా, అవ్వ ఆ చోటికి చేట పట్టుకుని వెళ్ళి పిలుచుకొచ్చేది. నా చిన్నప్పుడు నన్నూ ఒకసారి తెచ్చింది. కానీ ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. వాకిలి దాటాలన్నా ఎవరో చెయ్యి పట్టుకోవాలి.

అందుకే మనవరాలిని కూర్చోబెట్టి అన్నీ నేర్పింది. చేటలో బియ్యం, వాడి చొక్కా చుట్టిన మూట. మూట విప్పకూడదు. కొండ మీదికి ఎలా వెళ్ళినా, తిరిగి రావడం మాత్రం కాలిబాటనే రావాలి. పిలిచాక వెనక్కి చూడకూడదు. దారిలో ఎవరు పలకరించినా బదులియ్యకూడదు, తెలిసిన గొంతయినా సరే.

"చర్చి పేరు ఆ కొండకు తెలీదు తల్లీ," అందట చివరికి. "సగాయో అనే పిలువు. ఇంకో పేరు నోట్లోంచి రానీకు."

ఆ సాయంత్రం ఆఖరి ట్రిప్పులో ఒలింపియాను కనుమలో దింపింది నేనే. పొగమంచు అప్పటికే రోడ్డు మీదికి వచ్చేసింది. మెట్లు సగమే కనిపిస్తున్నాయి.

ఉండనా అని అడిగాను. వద్దంది. ఇంజిను మోతకు వాడు బెదిరిపోతాడట, అవ్వ చెప్పిందట. జెర్విన్‌కు ఇంజిను మోత అంటే ప్రాణం. చిన్నప్పుడు నా జీపు కింద దూరి పడుకుంటే బయటికి లాగడానికి పెద్ద తతంగమయ్యేది. అలాంటివాడు బెదరడమేమిటని నాకు ఆ క్షణాన తట్టలేదు. నా పేరు, జీపు పేరు పిలుచుకుని దిగిపోయాను.

అక్కడి నుంచి జరిగింది ఒలింపియా తర్వాత నాకు చెప్పిందే.

చీకటి పడిందాకా ఆమె మెట్ల ముందు నిలబడింది. పైన్ చెట్ల మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. తర్వాత చేట రెండు చేతులతో పట్టుకుని పిలిచింది.

"సగాయో... ఇంటికి పోదాం రా. ఇక్కడ ఉండిపోకు."

ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ... ఏడుస్తూ పిలిచింది.

బొట్లు రాలడం ఆగింది.

మెట్ల పైన, ఏమీ లేని ఆ గడ్డిలో, ఎవరో కూర్చున్న చోటి నుంచి లేచిన చప్పుడు. ముసలివాళ్ళు తాగే నాటు పొగాకు వాసన గుప్పున వచ్చింది. చేట బరువెక్కింది. అవ్వ చెప్పింది ఇదే — బరువెక్కితే వచ్చినట్టు, ఇక వెనక్కి చూడకుండా నడువు అని. ఆమెకు చెప్పలేనంత సంతోషం. తమ్ముడు దొరికాడు.

కాలిబాట పట్టింది. వెనకే అడుగులు.

చెప్పులు లేని పాదాలు. తడి రాతి మీద తప్... తప్... అని. జెర్విన్ బూట్లు లేనిదే గడప దాటడు. ప్రాణానికి బూట్లెందుకులే అనుకుంది.

కొంత దూరం దిగాక బాట కుడికి తిరుగుతుంది. ఎడమవైపు పాత గుర్రాల బాట ఉండేది. భూకంపంలో అది మొత్తం లోయలోకి జారిపోయింది, ఇప్పుడక్కడ ఉన్నది గాలి. ఒలింపియా కుడికి తిరిగింది. వెనక అడుగులు తిరగలేదు. ఆగాయి. తర్వాత... ఎడమకు వెళ్ళాయి. గాలి మీద, నేల ఉన్నట్టే, తప్ తప్‌మంటూ.

వెనక్కి చూడకూడదు. మళ్ళీ పిలిచింది, సగాయో, ఇటు, ఇటు రా అని. ఆపైన అడుగులు తిరిగి ఆమె వెనక చేరాయి.

అప్పుడు వినపడింది రెండో గొంతు.

వెనక నుంచి కాదు. చాలా పైనుంచి — కనుమలోంచి, మెట్ల దగ్గర నుంచి.

"అక్కా..."

ఒలింపియా ఆగిపోయింది. వెనక అడుగులూ ఆగాయి.

"అక్కా... నేనిక్కడున్నా. ఎవర్ని తీసుకుపోతున్నావ్?"

జెర్విన్ గొంతు. అచ్చంగా జెర్విన్ గొంతు. చీకటంటే భయపడే చిన్నపిల్లాడి గొంతయి, మాట చివర్న విరిగింది.

తెలిసిన గొంతయినా సరే అని అవ్వ చెప్పింది కదా. కొండ ఇలాగే మోసం చేస్తుందని, తిరిగి చూశావో తమ్ముడు దక్కడని. ఒలింపియా పళ్ళు బిగించింది, చేట గుండెకు హత్తుకుంది, నడిచింది. పైనుంచి ఆ గొంతు పిలుస్తూనే ఉంది. ఏటి చప్పుడు దాన్ని మింగేసిందాకా పిలుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గడప లోపల నిలబడి ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. తల దువ్వుకుని, పెళ్ళినాటి పూసలు మెడలో వేసుకుని. చేట అందుకుని లోపలికి తీసుకెళ్ళి, మూట విప్పి, అందులో ఉన్నది పడుకున్నవాడి ఒంటికి చుట్టింది.

అది జెర్విన్ చొక్కా కాదు. మడతల్లో రంగు వెలిసిపోయిన పాత నేత గోచి. తాతలు కట్టుకునేది.

అలసటలో, ఆనందంలో ఒలింపియా దాన్ని చూసింది కానీ పట్టించుకోలేదు. ఎందుకంటే అదే క్షణాన మంచం మీది మనిషి కళ్ళలోకి చూపు వచ్చింది. లేచి కూర్చున్నాడు. అన్నం అడిగాడు. చిలగడదుంపలు, ఎండు మాంసం, కుండలో ఉన్న అన్నం మొత్తం తిన్నాడు. ఒలింపియా వాడి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతను తినడం ఆపి ఆమె వంక మర్యాదగా చూశాడు.

"నువ్వెవరి పిల్లవమ్మా?" అన్నాడు.

ఇన్నాళ్ళ జబ్బు కదా, మతి కుదుటపడుతుందిలే అనుకుంది. మేమూ అదే అన్నాం. రోజులు గడిచాయి. మనిషి పుంజుకున్నాడు, మతి కుదుటపడలేదు. కుర్చీలో కూర్చోడు, పొయ్యి పక్కన గొంతుక్కూర్చుంటాడు. లైటు వేస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. నా జీపు హారను కొడితే అరుగు చాటున దాక్కున్నాడు, నా కళ్ళారా చూశాను. చర్చి గంట ఇంత కింద మోగుతుందేమిటి, ఊరు ఏటిలోకి ఎందుకు దిగింది, వరదొస్తే పోతారు కదా అని అందరినీ అడిగేవాడు. అతను చెప్పిన చోట తవ్వితే నీటి ఊట పడింది. కొండవాలు మెట్ల పొలాలకు రాతి గోడలు కట్టడంలో ఊళ్ళో ఎవరూ అతనికి సాటి రాలేదు. దెబ్బ తగిలి కుర్రాడు బుద్ధిమంతుడయ్యాడని మా ఊరివాళ్ళ మురిపెం. మా ఊరివాళ్ళకు పనిచేసేవాడు దొరికితే చాలు, వాడెవడని అడగరు.

అతను అవ్వను 'అవ్వా' అనడు. సుబెంగ్ అంటాడు. అలా ఉత్త పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

ఒకరోజు అతను పొలానికి వెళ్ళాక ఒలింపియా అవ్వ ముందు కూర్చుని అడిగేసింది. నేను తెచ్చింది ఎవర్ని అని.

అవ్వ బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"నువ్వు ఎవర్ని పిలిచావో ఆయన్నే తెచ్చావు."

"జెర్విన్ ఏడీ?"

"పైనున్నాడు. ఏం కాదు వాడికి. చిన్నవాడు, ఆగగలడు." అవ్వ అప్పుడు తలెత్తింది. "నాకే టైము లేదు తల్లీ. దుప్పటి కోసం నేనే పంపాను ఆయన్ని. తొందరగా వచ్చెయ్యమన్నాను. ఎన్నేళ్ళు చూడమంటావు? నేను పోయేటప్పుడు ఆయన్నీ వెంట తీసుకుపోతాను, అప్పుడు నీ తమ్ముణ్ణి పిలుచుకో."

అరవలేదట ఒలింపియా. ఎవరి మీద అరుస్తుంది? వీపున మోసి పెంచిన మనిషి ఆమె. ఆ సాయంత్రమే ఒక్కతే కొండెక్కింది. ఈసారి చర్చి పేరుతో పిలిచింది. రెండో మాటకే వాడు వచ్చాడు, అక్కా అక్కా అంటూ, ఆనందంతో తూలిపోతూ. ఏరు దాటి వాకిలి దాకా తెచ్చుకుంది. గడప దగ్గరికి రాగానే లోపల పడుకున్న మనిషి విలవిల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ముక్కులోంచి రక్తం. కళ్ళు తేలిపోయాయి. ఒక ఒంట్లో ఇద్దరు ఇమడరు. ఒంటిని లాక్కుంటే ఒళ్ళే పోతుంది, ఇద్దరికీ దక్కదు. తమ్ముణ్ణి ఒలింపియా తనే వెనక్కి పంపింది. చీకట్లోకి, ఆ మెట్ల దగ్గరికి, ఒక్కణ్ణీ. పొమ్మని చెప్పడానికి నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలీదంటుంది.

ఇక మిగిలింది ఎదురుచూడటమే.

కానీ అవ్వ తేరుకుంటోంది. మోకాళ్ళు సరిపడ్డాయి. ఏటి నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వస్తోంది. రాలిన చోట వెంట్రుకలు మళ్ళీ మొలిచాయని, అవి నల్లగా ఉన్నాయని మా ఆవిడ చెప్పింది. సాయంత్రం పూట ఆ ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని ఒకే చుట్ట మార్చుకుని తాగుతారు. దారినపోయేవాళ్ళకు మనవడూ నాయనమ్మా. చూసి ముచ్చటపడతారు.

ఒలింపియా రాత్రిళ్ళు నిద్రపోదు. పక్క గదిలో అవ్వ ఊపిరి వింటూ పడుకుంటుంది. కాసేపు వినపడకపోతే గుండె ఝల్లుమంటుంది... అది భయంతో కాదని తనకు తెలుసు. ఈ మాట నాతో చెప్పినప్పుడు నా మొహం చూడలేకపోయింది. పాపిష్టిదాన్నయిపోయానన్నా అంది. నాకూ అవ్వంటే ప్రేమే. నాకూ ఆ కుర్రాడంటే ప్రేమే.

సంత సరుకు కోసం కొండ మీదికి వెళ్ళి వస్తూ ఆమె నా జీపే ఎక్కుతుంది. కనుమలో ఆపమంటుంది. తమ్ముడు తన పేరు మరిచిపోకుండా వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడి వస్తుంది. నేను అద్దాలెక్కించి, ఇంజిను ఆపకుండా, చూపు రోడ్డు మీదే పెట్టుకుని కూర్చుంటాను. ఇంతకాలం నా చెవిన ఏదీ పడలేదు. దిగులుతో పిల్ల మనసు చెదిరిందేమో, అంతేనేమో అని నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను.

మొన్న ఎక్కువ లోడుకు ఇంజిను వేడెక్కింది. ఆపక తప్పలేదు. నీళ్ళు పొయ్యడానికి దిగాను.

పొగమంచులో మెట్లు కనపడటం లేదు. ఒలింపియా వాటి ముందు నిలబడి ఉంది, వీపు కనిపిస్తోంది. మామూలుగానే మాట్లాడుతోంది, సంతలో బీన్సు ధర గురించి, వాన గురించి. మధ్యలో ఆగుతోంది. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే మనం ఆగినట్టు.

నేను నీళ్ళ డబ్బా కింద పెట్టాను. చప్పుడు చెయ్యకుండా విన్నాను.

పైన మెట్టు మీంచి, బాగా దగ్గర నుంచి, వాడు పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన గొంతు చాలా నెమ్మదిగా అడిగింది.

"అక్కా... అవ్వ పోయిందా?"

ఒలింపియా తల వంచుకుంది.

"ఇంకా లేదురా," అంది. "ఇంకొంచెం ఓపిక పట్టు."